ఆర్మ్ వర్చువల్ మెషీన్‌లో ర్యాండమ్ నంబర్ జనరేటర్ మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

"మా వీఎంలో (వర్చువల్ మెషీన్‌లో) ఆర్‌ఎన్‌జీ (ర్యాండమ్ నంబర్ జనరేటర్) పనిచేయడం లేదు" అని ఎవరన్నా నేను ముందు అడిగేది ఒకటే: ఏ ఆర్‌ఎన్‌జీ? ఆర్మ్ గెస్ట్‌లోకి, అంటే ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిచే వీఎంలోకి, ర్యాండమ్ బిట్లు రావడానికి నాలుగు దారులున్నాయి. సీపీయూలోని ఇన్‌స్ట్రక్షన్ ఒకటి, హైపర్‌వైజర్‌ను (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌ను) అడిగే ఫర్మ్‌వేర్ కాల్ ఒకటి, వర్టియో అనే వర్చువల్ పరికరం ఒకటి, బూట్ అయ్యేటప్పుడు చేతికందే సీడ్ (జనరేటర్ మొదలవడానికి కావలసిన తొలి ర్యాండమ్ విలువ) ఒకటి. ఒకటి మూసుకుపోయినా మిగతా వాటితో బండి నడుస్తుంది. మూసుకుపోయిన దాని ముందే నిలబడి తలుపు బాదుతూ ఉండటం వల్లే సగం తలనొప్పి.

కింద చెప్పేది ప్రధానంగా లైనక్స్ గెస్ట్, కేవీఎం లేదా క్యూఎము హోస్ట్ గురించి. కేవీఎం అంటే లైనక్స్ కెర్నెల్‌లోని హైపర్‌వైజర్, క్యూఎము అంటే వీఎంలను నడిపే ప్రోగ్రామ్, హోస్ట్ అంటే వీఎం నడిచే అసలు మెషీన్. కమాండ్లు, ఫైల్ మార్గాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

వీఎం బూట్ అవుతూ మధ్యలో నిమిషం, రెండు నిమిషాలు ఆగిపోతోంది. తర్వాత దానంతటదే కదులుతోంది. ఇది ఆర్‌ఎన్‌జీ వల్లేనా?

కావచ్చు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. వీఎం పైకి లేచాక డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) తీసి, "ర్యాండమ్: సీఆర్‌ఎన్‌జీ ఇనిట్ డన్" (కెర్నెల్ జనరేటర్ సిద్ధమైంది) అన్న వరుస ఎన్నో సెకనులో ఉందో చూడండి. అది సున్నా దగ్గరో, ఒకటి రెండు సెకన్లలోనో ఉంటే మీ ఆలస్యానికి కారణం వేరే, ఇక్కడ వెతక్కండి. తొంభయ్యో సెకనులో ఉండి, ఆ వెంటనే ఎస్‌ఎస్‌హెచ్ డీమన్ (రిమోట్ లాగిన్ సేవ) లేస్తే, దొంగ దొరికినట్టే.

నాకు మొదటిసారి ఇది ఎదురైనప్పుడు గెస్ట్‌లో 4.19 కెర్నెల్. సీరియల్ కన్సోల్‌లో చివరి వరుస అలాగే నిలిచిపోయింది. ఏం తోచక ఎంటర్ కీ టకటకా కొట్టాను. వీఎం లేచింది. రీబూట్ చేశాను, మళ్లీ నిలిచింది. మళ్లీ ఎంటర్ కొట్టాను, మళ్లీ లేచింది. చూస్తే మంత్రంలా ఉంది గానీ లెక్క సూటిగానే ఉంది. గెట్‌ర్యాండమ్ అనే సిస్టమ్ కాల్, కెర్నెల్ జనరేటర్‌కు చాలినంత సీడ్ అందేదాకా అడిగినవాణ్ని ఆపి ఉంచుతుంది. ఆ కెర్నెల్‌కు సీడ్ వచ్చేది ప్రధానంగా ఇంటరప్టుల (పరికరాలు సీపీయూను పిలిచే సంకేతాల) రాకపోకల సమయాల నుంచి. మౌస్ లేదు, కీబోర్డు లేదు, డిస్క్ కూడా వర్చువల్. ఇంటరప్టులు చుక్కచుక్కగా వస్తాయి. నేను కొట్టిన ప్రతి కీ ఒక ఇంటరప్ట్.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అదే 4.19తో వచ్చిన డెబియన్ 10 విడుదల నోట్స్‌లోనే, ఎంట్రపీ (ఊహించలేని ర్యాండమ్‌నెస్) చాలక బూట్ ఆగిపోయినట్టు కనిపించవచ్చని హెచ్చరిక ఉంది. 2019లో ఇంకో చిత్రం జరిగింది. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను మెరుగుపరిచి డిస్క్ పని తగ్గిస్తే, ఇంటరప్టులు కూడా తగ్గి కొన్ని మెషీన్లు బూట్‌లోనే నిలిచిపోయాయి. ఆ మార్పును తాత్కాలికంగా వెనక్కి తీసుకుని, 5.4 కెర్నెల్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వేరే ఉపాయం పెట్టారు. ఎవరైనా గెట్‌ర్యాండమ్ దగ్గర ఆగితే, సీపీయూ కౌంటర్‌లో వచ్చే చిన్నచిన్న తేడాల నుంచి కెర్నెలే ఎంట్రపీ పుట్టించుకుంటుంది.

కాబట్టి 5.4 కన్నా పాత కెర్నెల్ నడుపుతుంటే మొదటి మందు కెర్నెల్ మార్చడం. అది కుదరకపోతే వర్టియో ఆర్‌ఎన్‌జీ పెట్టడం.

అదే ఇమేజ్ ఎక్స్86 మీద ఠంచనుగా లేస్తోంది. ఆర్మ్ మీదే ఈ గొడవ ఎందుకు?

ఎక్స్86 ప్రాసెసర్లలో ర్యాండమ్ నంబర్ ఇచ్చే ఆర్‌డీర్యాండ్ ఇన్‌స్ట్రక్షన్ 2012 నుంచి ఉంది. ఇప్పుడు నడుస్తున్న సర్వర్లలో అది లేనిది దాదాపు దొరకదు. అందుకే అక్కడ వీఎంకు ఏ పరికరమూ తగిలించకపోయినా ఎవరికీ తేడా తెలియదు. ఆర్మ్‌లో దానికి సాటి వచ్చే ఆర్‌ఎన్‌డీఆర్ రిజిస్టర్ ఆర్మ్‌వీ8.5తో వచ్చింది, అదీ ఐచ్ఛికంగా. తయారీదారు పెట్టొచ్చు, మానొచ్చు.

రెండో కారణం కౌంటర్. ఎక్స్86 టైమ్ స్టాంప్ కౌంటర్ గిగాహెర్ట్జ్‌ల్లో తిరుగుతుంది. ఆర్మ్ జెనరిక్ టైమర్ చాలా చోట్ల అంతకన్నా ఎంతో నెమ్మది: ఆపిల్ ఎం1లో 24 మెగాహెర్ట్జ్, రాస్‌బెర్రీ పై 4లో 54, క్యూఎము ఎమ్యులేషన్‌లో (సీపీయూను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించినప్పుడు) మామూలుగా 62.5. 24 మెగాహెర్ట్జ్ అంటే ఒక్కో టిక్‌కు సుమారు 42 నానోసెకన్లు. అంత ముతక గడియారంతో సూక్ష్మమైన తేడాలు పట్టుకోవాలంటే ఎక్కువసేపు చూడాలి. కౌంటర్ మరీ మొద్దుగా ఉందనిపిస్తే కొత్త కెర్నెళ్లు ఆ ప్రయత్నమే మానేస్తాయి. ఆర్మ్‌వీ8.6 నుంచి కౌంటర్ 1 గిగాహెర్ట్జ్ అయింది కాబట్టి ఈ బాధ క్రమంగా తగ్గుతుంది.

సరే, ఏ దారి తెరిచి ఉందో ఎలా చూడాలి?

గెస్ట్ లోపల నాలుగు చోట్ల చూడండి.

/ప్రాక్/సీపీయూఇన్‌ఫోలో ఫీచర్ల వరుసలో "ఆర్‌ఎన్‌జీ" అనే మూడక్షరాల మాట ఉంటే ఆర్‌ఎన్‌డీఆర్ ఉన్నట్టు. 5.6కు ముందు కెర్నెల్‌కు ఈ ఫీచర్ సంగతే తెలియదు, సీపీయూలో ఉన్నా చూపించదు.

/సిస్/క్లాస్/మిస్క్/హెచ్‌డబ్ల్యూ_ర్యాండమ్ కింద ఆర్‌ఎన్‌జీ_అవైలబుల్, ఆర్‌ఎన్‌జీ_కరెంట్ అని రెండు ఫైళ్లుంటాయి. మొదటి దానిలో ఉన్న డ్రైవర్ల పేర్లు, రెండో దానిలో ఇప్పుడు వాడుకలో ఉన్నది. "వర్టియో_ఆర్‌ఎన్‌జీ.0" కనిపిస్తే వర్టియో దారి తెరిచి ఉంది. "ఎస్‌ఎంసీసీసీ_టీఆర్‌ఎన్‌జీ" కనిపిస్తే ఫర్మ్‌వేర్ కాల్ దారి తెరిచి ఉంది.

మూడోది ఇందాక చెప్పిన డీమెసేజ్ వరుస. నాలుగోది సీడ్: యూఈఎఫ్‌ఐ (బూట్ చేయించే ఫర్మ్‌వేర్) బూట్ అయితే, కన్సోల్‌లో కెర్నెల్ కన్నా ముందే వచ్చే ఈఎఫ్‌ఐ స్టబ్ మాటలు గమనించండి. "ఈఎఫ్‌ఐ ఆర్‌ఎన్‌జీ ప్రోటోకాల్ అనవైలబుల్" అని ఉంటే ఫర్మ్‌వేర్ నుంచి సీడ్ రాలేదు.

ఈ నాలుగూ చూడకుండా ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టకండి. తర్వాత ఏది పనిచేసిందో మీకే తెలియకుండా పోతుంది.

ఎంట్రపీ_అవైల్ (ఎంట్రపీ లెక్క చూపే కెర్నెల్ ఫైల్) ఎప్పుడు చూసినా 256 దగ్గరే ఆగిపోయింది. ఇదివరకు మూడు వేలకు పైన చూపించేది. వీఎంలో ఎంట్రపీ అయిపోతోందా?

లేదు. 256 అంటే నిండుగా ఉన్నట్టు. 2022లో కెర్నెల్ డెవలపర్ జేసన్ డోనెన్‌ఫెల్డ్ కెర్నెల్ ర్యాండమ్ భాగాన్ని తిరగరాసినప్పుడు కొలమానమే మారింది. పాత మానిటరింగ్ స్క్రిప్టులు "వెయ్యికి తగ్గితే అలారం" అని ఇంకా మోగిస్తూనే ఉంటాయి. తప్పు స్క్రిప్టుది. ఆ అలారం తీసేయండి.

సీపీయూఇన్‌ఫోలో ఆర్‌ఎన్‌జీ లేదు. తెప్పించుకోవచ్చా?

కేవీఎంలో గెస్ట్‌కు హోస్ట్ సీపీయూ ఫీచర్లే వస్తాయి. హోస్ట్‌లో లేనిది గెస్ట్‌కు రాదు. నియోవర్స్ ఎన్1 కోర్ మీద నడిచే అమెజాన్ చిప్ గ్రావిటాన్2లో ఇది లేదు, గ్రావిటాన్3లో ఉంది. రాస్‌బెర్రీ పై 4, 5 రెండిటిలోనూ లేదు. ఆపిల్ ఎం1 మీద లైనక్స్‌లోనూ ఈ ఫ్లాగ్ రాదు.

పూర్తి ఎమ్యులేషన్ అయితే కథ వేరు. క్యూఎములో సీపీయూ మోడల్ "మ్యాక్స్" అని ఇస్తే ఆర్‌ఎన్‌డీఆర్ ఎమ్యులేట్ అవుతుంది. "కార్టెక్స్-ఏ57", "కార్టెక్స్-ఏ72" లాంటి పాత మోడళ్లు ఇస్తే అసలు చిప్‌లో లేని ఫీచర్‌ను క్యూఎము కూడా పెట్టదు. ఎక్కడి నుంచో కాపీ చేసిన పాత కమాండ్ వరుసలో ఏ57 అని ఉండటం, "ఆర్మ్ వీఎంలో ఆర్‌ఎన్‌జీ సపోర్ట్ లేదు" అని తేల్చేయడం చాలాసార్లు చూశాను. 32 బిట్ ఆర్మ్ గెస్ట్ అయితే ఆర్‌ఎన్‌డీఆర్ ఊసే వద్దు, అది 64 బిట్ మోడ్‌కే పరిమితం.

వర్టియో ఆర్‌ఎన్‌జీ పెట్టడం ఎలా?

క్యూఎము నేరుగా నడుపుతుంటే ఈ రెండు ముక్కలు చేర్చండి:

-ఆబ్జెక్ట్ ఆర్‌ఎన్‌జీ-ర్యాండమ్,ఫైల్‌నేమ్=/డెవ్/యూర్యాండమ్,ఐడీ=ఆర్‌ఎన్‌జీ0
-డివైస్ వర్టియో-ఆర్‌ఎన్‌జీ-పీసీఐ,ఆర్‌ఎన్‌జీ=ఆర్‌ఎన్‌జీ0

లిబ్‌వర్ట్ (వీఎంలను నిర్వహించే టూల్) అయితే డొమైన్ ఎక్స్‌ఎంఎల్‌లో పరికరాల కింద ఆర్‌ఎన్‌జీ ఎలిమెంట్ పెట్టి, మోడల్ "వర్టియో", బ్యాకెండ్ మోడల్ "ర్యాండమ్", లోపల /డెవ్/యూర్యాండమ్ అని రాయాలి. అంతే.

బ్యాకెండ్‌గా /డెవ్/ర్యాండమ్ పెట్టాలా, యూర్యాండమ్ పెట్టాలా అని జుట్టు పీక్కోకండి. హోస్ట్ అప్పటికే బూట్ అయి నడుస్తోంది, దాని జనరేటర్‌కు సీడ్ ఎప్పుడో అందింది. యూర్యాండమ్ చాలు. నా మాట అడిగితే, సీపీయూలో ఆర్‌ఎన్‌డీఆర్ ఉన్నా సరే ఈ పరికరం తగిలించే ఉంచండి. ఖర్చు దాదాపు శూన్యం, పైగా కెర్నెల్ లేవక ముందు ఫర్మ్‌వేర్‌కు కూడా ఇదే అక్కరకొస్తుంది. ఆ సంగతి కింద వస్తుంది.

పరికరం తగిలించాను. గెస్ట్‌లో /డెవ్/హెచ్‌డబ్ల్యూఆర్‌ఎన్‌జీ చదివితే "నో సచ్ డివైస్" అంటోంది.

ఫైల్ ఉంది, దాని వెనక డ్రైవర్ లేదు. ఎల్‌ఎస్‌పీసీఐలో (పీసీఐ పరికరాల జాబితాలో) వర్టియో ఆర్‌ఎన్‌జీ కనిపిస్తోందా చూడండి. కనిపిస్తుంటే మాడ్‌ప్రోబ్‌తో వర్టియో_ఆర్‌ఎన్‌జీ మాడ్యూల్ ఎక్కించండి. మాడ్యూలే లేదంటే మీ కెర్నెల్ కాన్ఫిగ్‌లో హెచ్‌డబ్ల్యూ_ర్యాండమ్_వర్టియో ఆప్షన్ తీసేసి కట్టారన్నమాట. సైజు తగ్గించడానికి సొంతంగా కట్టుకున్న కెర్నెళ్లలో ఇది మామూలే.

ఎల్‌ఎస్‌పీసీఐలోనే లేకపోతే, పరికరాన్ని పీసీఐగా కాక ఎంఎంఐఓగా (మెమరీ చిరునామాల మీదుగా) ఇచ్చారేమో చూసుకోండి. ఆర్మ్ "వర్ట్" మెషీన్‌లో రెండు రకాలూ కుదురుతాయి. "వర్టియో-ఆర్‌ఎన్‌జీ-డివైస్" అని ఇస్తే అది ఎంఎంఐఓ, పీసీఐ జాబితాలో రాదు. అప్పుడు గెస్ట్ కెర్నెల్‌లో వర్టియో ఎంఎంఐఓ సపోర్ట్ ఉండాలి. /సిస్/బస్/వర్టియో/డివైసెస్ కింద చూస్తే రెండు రకాలూ కనిపిస్తాయి. డివైస్ ఐడీ 4 ఉన్నదే ఆర్‌ఎన్‌జీ.

మాడ్యూల్ చేత్తో ఎక్కిస్తే పనిచేస్తోంది గానీ బూట్ ఆలస్యం అలాగే ఉందంటే, దాన్ని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో ఎక్కే తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌లో) చేర్చండి. పెళ్లయ్యాక బాజాలు వచ్చి లాభం లేదు.

వర్టియో ఆర్‌ఎన్‌జీ నుంచి చదువుతుంటే నత్తనడక. ఒకసారి "టాస్క్ హెచ్‌డబ్ల్యూఆర్‌ఎన్‌జీ బ్లాక్డ్ ఫర్ మోర్ దాన్ 120 సెకండ్స్" అని కూడా వచ్చింది.

హోస్ట్ వైపు చూడండి. మూడు అనుమానాలు.

హోస్ట్ కెర్నెల్ 5.6 కన్నా పాతదై, బ్యాకెండ్ /డెవ్/ర్యాండమ్ అయితే, హోస్ట్‌లో ఎంట్రపీ లెక్క పడిపోయినప్పుడల్లా అది ఆగుతుంది, దానితోపాటు మీ గెస్ట్ కూడా. 5.6 నుంచి ఒకసారి సీడ్ అందాక /డెవ్/ర్యాండమ్ ఆగడం మానేసింది. బ్యాకెండ్‌ను యూర్యాండమ్‌కు మారిస్తే సరి.

బ్యాకెండ్‌గా హోస్ట్ తాలూకు /డెవ్/హెచ్‌డబ్ల్యూఆర్‌ఎన్‌జీ పెట్టి ఉంటే, చిన్న బోర్డుల మీది హార్డ్‌వేర్ జనరేటర్ నిదానంగా ఇస్తుంది, దాన్ని నాలుగైదు వీఎంలు పంచుకుంటే ఎవరికీ సరిపోదు. "నిజమైన" హార్డ్‌వేర్ ర్యాండమ్ కావాలన్న పట్టుదలతో ఇలా చేస్తుంటారు. హోస్ట్ కెర్నెల్ ఆ హార్డ్‌వేర్‌ను ఎలాగూ తన పూల్‌లో (ర్యాండమ్ నిల్వలో) కలుపుకుంటుంది. గెస్ట్‌కు నేరుగా గొట్టం వేసి లాభపడేదేమీ లేదు.

మూడోది, లిబ్‌వర్ట్‌లో రేట్ పరిమితి. బైట్లు 1024, పీరియడ్ 1000 అని ఉంటే సెకనుకు ఒక కిలోబైటే వస్తుంది. డీడీ కమాండ్ పెట్టి మెగాబైట్లు లాగుతూ వేగం లేదంటే ఎలా? కెర్నెల్‌కు సీడ్ కోసం కావలసింది కొన్ని పదుల బైట్లే. మీ ప్రోగ్రాములు చదవాల్సింది గెట్‌ర్యాండమ్ నుంచి, ఈ పరికరం నుంచి కాదు.

ఎస్‌ఎంసీసీసీ టీఆర్‌ఎన్‌జీ అంటే ఏమిటి? నేను ఏమీ పెట్టకుండానే కనిపిస్తోంది.

ఆర్మ్ నిర్వచించిన ఫర్మ్‌వేర్ కాల్ అది. గెస్ట్ హెచ్‌వీసీ ఇన్‌స్ట్రక్షన్‌తో "కొన్ని ర్యాండమ్ బిట్లు ఇవ్వు" అని అడుగుతుంది, హైపర్‌వైజర్ ఇస్తుంది. 64 బిట్ రూపంలో ఒక్క కాల్‌కు 192 బిట్ల దాకా వస్తాయి. కేవీఎంలో ఇది 2021లో 5.12 కెర్నెల్‌తో చేరింది. హోస్ట్‌లో ప్రత్యేక హార్డ్‌వేర్ అక్కర్లేదు, కేవీఎం తన కెర్నెల్ పూల్ నుంచే ఇస్తుంది. పరికరం ప్రోబ్ అయ్యేదాకా ఆగకుండా బూట్ మొదట్లోనే అందుతుంది కాబట్టి నాకు ఇది చాలా నచ్చిన దారి. హోస్ట్, గెస్ట్ రెండూ 5.12 లేదా ఆపైన ఉంటే చాలామందికి తెలియకుండానే సమస్య తీరిపోతుంది. కేవీఎం లేకుండా ఎమ్యులేషన్‌లో నడిపితే మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక నెట్‌వర్క్ బూట్ మాయమైంది. దీనికీ ఆర్‌ఎన్‌జీకీ సంబంధం ఉందా?

ఉంది, ఎవరూ ఊహించని సంబంధం. 2024 జనవరిలో ఈడీకే2 (వీఎంల్లో వాడే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్) నెట్‌వర్క్ భాగంలో పిక్సీఫెయిల్ పేరుతో తొమ్మిది లోపాలు బయటపడ్డాయి. అందులో ఒకటి బలహీనమైన ర్యాండమ్ నంబర్లు వాడటం. దాన్ని సరిచేస్తూ, నెట్‌వర్క్ స్టాక్ లేవాలంటే ఈఎఫ్‌ఐ ఆర్‌ఎన్‌జీ ప్రోటోకాల్ ఉండి తీరాలని పెట్టారు. సీపీయూలో ఆర్‌ఎన్‌డీఆర్ లేని వీఎంలో ఆ ప్రోటోకాల్ ఇచ్చేది వర్టియో ఆర్‌ఎన్‌జీ డ్రైవరే. పరికరం లేదు కాబట్టి ప్రోటోకాల్ లేదు, ప్రోటోకాల్ లేదు కాబట్టి పీఎక్స్‌ఈ (నెట్‌వర్క్ బూట్) లేదు. తెర మీద ర్యాండమ్ అన్న మాటే కనిపించదు. బూట్ మెనూలో నెట్‌వర్క్ ఎంట్రీలు ఉండవు, అంతే. డీహెచ్‌సీపీ సర్వర్‌ను, బ్రిడ్జిని, కేబుల్‌ను అనుమానిస్తూ ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నవాణ్ని చెబుతున్నాను: వర్టియో ఆర్‌ఎన్‌జీ తగిలించి మళ్లీ బూట్ చేయండి.

"కేఏఎస్‌ఎల్‌ఆర్ డిసేబుల్డ్ డ్యూ టు ల్యాక్ ఆఫ్ సీడ్" అని కెర్నెల్ చెబుతోంది.

కెర్నెల్ తన చిరునామాను ప్రతి బూట్‌కూ మార్చుకోవడానికి (కేఏఎస్‌ఎల్‌ఆర్ అంటే ఇదే) లేస్తూనే ఒక ర్యాండమ్ విలువ కావాలి. అప్పటికి డ్రైవర్లేవీ ఉండవు. కెర్నెల్‌ను క్యూఎముకు నేరుగా ఇస్తే, డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాల జాబితాలో) "చోజెన్" నోడ్ కింద కేఏఎస్‌ఎల్‌ఆర్-సీడ్, ఆర్‌ఎన్‌జీ-సీడ్ అని రెండు విలువలు క్యూఎమే పెడుతుంది. యూఈఎఫ్‌ఐ, ఏసీపీఐ (హార్డ్‌వేర్ వివరాలు ఇచ్చే ఇంకో పద్ధతి) మీదుగా బూట్ చేస్తే ఆ డివైస్ ట్రీ కెర్నెల్ దాకా రాదు. అప్పుడు ఈఎఫ్‌ఐ ఆర్‌ఎన్‌జీ ప్రోటోకాలే గతి, అంటే తిరిగి తిరిగి అదే వర్టియో పరికరం. నేరుగా బూట్ చేస్తే వస్తుంది, యూఈఎఫ్‌ఐతో రాదు అని తల గోక్కునేవారికి జవాబు ఇదే. "నో కేఏఎస్‌ఎల్‌ఆర్" అని కెర్నెల్ కమాండ్ లైన్‌లో మీరే రాసి మరిచిపోలేదు కదా, అదీ చూసుకోండి.

హ్యావెజ్‌డ్ (ఎంట్రపీ పుట్టించే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేయమని చాలాచోట్ల రాశారు.

పాత సలహా. 5.6 దాటిన కెర్నెల్‌లో అక్కర్లేదు. పాత కెర్నెల్‌కు కట్టుబడి ఉండి, హోస్ట్ మీద మీకు అధికారం లేకపోతే మాత్రం పెట్టుకోండి, బూట్ ఆలస్యం తగ్గుతుంది.

ఒక వీఎం స్నాప్‌షాట్ నుంచి పది వీఎంలు లేపుతున్నాం. ఏదైనా ప్రమాదమా?

ఈ పేజీలో ఉన్న ప్రశ్నలన్నిటిలో నిజంగా భయపడాల్సింది దీనికే. ఆలస్యం కంటికి కనిపిస్తుంది. ఒకేలాంటి తాళంచెవులు కనిపించవు.

మెమరీతో సహా తీసిన స్నాప్‌షాట్‌లో కెర్నెల్ జనరేటర్ స్థితి కూడా ఉంటుంది. దాని నుంచి లేచిన పది వీఎంలూ, కొత్త సీడ్ కలిసేదాకా, ఒకే "ర్యాండమ్" నంబర్లు ఇవ్వవచ్చు. ఆ సందులో ఎవరైనా టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్) సెషన్ మొదలుపెడితేనో, కీ తయారుచేస్తేనో, అంతే సంగతులు. ఇందుకే 5.18లో వీఎంజెన్ఐడీ డ్రైవర్ వచ్చింది. వీఎం నకలు అయిందని హైపర్‌వైజర్ చెబితే కెర్నెల్ వెంటనే సీడ్ మార్చుకుంటుంది. కానీ మీ హైపర్‌వైజర్ ఆర్మ్ గెస్ట్‌కు ఆ పరికరం ఇస్తోందో లేదో డీమెసేజ్‌లో చూసి నిర్ధారించుకోవాలి, ఇస్తోందని అనుకోకూడదు. ఇవ్వకపోతే, లేపిన వెంటనే /డెవ్/యూర్యాండమ్‌లోకి బయటి నుంచి తెచ్చిన కొత్త బైట్లు రాసి, రీసీడ్ ఐఓసీటీఎల్ (సీడ్ మార్చుకోమని కెర్నెల్‌కు ఇచ్చే ఆదేశం) పిలిచాకే సేవలు మొదలుపెట్టండి. యూజర్ ప్రోగ్రాములు తమ మెమరీలో పెట్టుకున్న జనరేటర్లను మాత్రం కెర్నెల్ ఏమీ చేయలేదు. వాటిని రీస్టార్ట్ చేయాల్సిందే.

డిస్క్ ఇమేజ్ నకలు తీసేవాళ్లకు వేరే జాబితా: ఇమేజ్ మూసే ముందు ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, /వార్/లిబ్/సిస్టమ్‌డీ కింద ర్యాండమ్-సీడ్ ఫైల్ తీసేయండి, మెషీన్-ఐడీ ఖాళీ చేయండి.

ఇదంతా చాదస్తం అనుకునేవారికి ఒక్క లెక్క. 2012లో పరిశోధకురాలు నాడియా హెనింజర్ బృందం ఇంటర్నెట్ మొత్తం స్కాన్ చేసి, టీఎల్‌ఎస్ హోస్టుల్లో 0.50 శాతం వాటి ఆర్‌ఎస్‌ఏ ప్రైవేటు కీలు రాబట్టింది. కీ తయారయ్యేనాటికి వాటిలో సరిపడా ర్యాండమ్‌నెస్ లేక, వేర్వేరు కీలలో ఒకే ప్రధాన సంఖ్యలు పడ్డాయి. ఎక్కువ భాగం, బూట్ అయిన వెంటనే కీ పుట్టించుకున్న రౌటర్ల లాంటి చిన్న పరికరాలే.

వీఎంను వేరే హోస్ట్‌కు లైవ్ మైగ్రేట్ చేశాక ఒక ప్రోగ్రామ్ "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని చచ్చిపోతోంది.

ఆర్‌ఎన్‌డీఆర్ ఉన్న సీపీయూ నుంచి లేని సీపీయూకు తీసుకెళ్లారేమో చూడండి. ప్రోగ్రామ్ మొదలైనప్పుడు హెచ్‌డబ్ల్యూక్యాప్2లో (కెర్నెల్ ఇచ్చే సీపీయూ ఫీచర్ల జాబితాలో) ఫ్లాగ్ చూసి "ఉంది" అనుకుంది. మైగ్రేషన్ తర్వాత మళ్లీ చూడదు. అన్ని హోస్టులూ ఒకే రకం సీపీయూ అయితేనే ఇలా కదపండి.

ఇదే సందర్భంలో ఆ కోడ్ రాసినవారికి ఒక మాట: ఆర్‌ఎన్‌డీఆర్ విఫలమైతే సున్నా ఇచ్చి, జడ్ ఫ్లాగ్ పెడుతుంది. ఫ్లాగ్ చూడకుండా వచ్చిన విలువను వాడేస్తే ఎప్పుడో ఒకరోజు మీ కీ అంతా సున్నాలే. అసలు నేరుగా ఆ రిజిస్టర్ ముట్టుకోవడం ఎందుకు? గెట్‌ర్యాండమ్ పిలవండి.

కంటైనర్లలో వేరుగా ఏమైనా చేయాలా?

అక్కర్లేదు. కంటైనర్ వాడేది వీఎం కెర్నెల్‌నే. అక్కడ సరిగా ఉంటే ఇక్కడా సరిగానే ఉంటుంది.

ఆర్‌ఎన్‌జీటెస్ట్ నడిపితే వెయ్యి బ్లాకుల్లో ఒకటి ఫెయిల్ అయింది. పరికరం పాడైందా?

లేదు. నిజంగా ర్యాండమ్ అయిన దానిలో అప్పుడప్పుడూ ఒక బ్లాక్ పరీక్ష తప్పడం సహజమే. వందల్లో తప్పితే ఆలోచించాలి. పైగా వర్టియో మీదుగా మీరు పరీక్షిస్తున్నది హోస్ట్ కెర్నెల్ జనరేటర్ నుంచి వచ్చిన బైట్లను. సీడ్ సరిగా అందని జనరేటర్ కూడా ఈ పరీక్షలో హాయిగా పాసవుతుంది, స్నాప్‌షాట్ నుంచి లేచిన పది వీఎంలు ఒకే అంకెలు ఇస్తున్నా పదికి పదీ పాసవుతాయి. అది తెలియాలంటే రెండు వీఎంలు లేచిన వెంటనే ఇచ్చిన ర్యాండమ్ బైట్లను పక్కపక్కన పెట్టి చూడండి.